ఐదు డాలర్ల పళ్లెం వెనక లెక్క

2024 జులైలో సింగపూర్‌లోని మెరీన్ పరేడ్ హాకర్ సెంటర్‌లో (తిండి స్టాళ్లన్నీ ఒకే కప్పు కింద ఉండే చోట) ఖాళీ అయిన ఒక చిన్న స్టాల్‌కి టెండర్లు పిలిస్తే, నెలకు 10,158 డాలర్లు ఇస్తామని ఒకరు రాసిచ్చారు. ఆ దేశంలో హాకర్ స్టాల్‌కి అంతకుముందు ఎవరూ అంత పాట పాడలేదు. ఇదే టెండర్ పద్ధతిలో నెలకు ఒక్క డాలరు రాసి స్టాల్ దక్కించుకున్నవాళ్లూ ఉన్నారు. (ఇక్కడ డాలరు అన్న చోటల్లా సింగపూర్ డాలరే.)

కాగితం మీద లెక్క వేస్తే సంగతి తెలుస్తుంది. పళ్లెం ఐదు డాలర్లు అనుకుంటే, 10,158 డాలర్ల అద్దె కట్టడానికే నెలకు రెండు వేల ముప్ఫైకి పైగా పళ్లాలు అమ్మాలి. నెలకు 26 రోజులు కొట్టు తెరిస్తే రోజుకు 78 పళ్లాలు నేరుగా అద్దె ఖాతాలోకి పోతాయి. బియ్యం, కోడి, గ్యాసు, చేతికింద మనిషి జీతం వేరు. సబ్సిడీ లేని మామూలు స్టాల్ అద్దె మధ్యస్థంగా 1,250 డాలర్ల ప్రాంతంలో ఉంటుంది. అక్కడ అద్దెకు పోయేది రోజుకు పది పళ్లాల లోపే. ఊరంతా చవకగా తినగలుగుతోందంటే ఆ పదికీ ఈ డెబ్బై ఎనిమిదికీ మధ్య ఉన్న తేడా వల్లే.

సింగపూర్ చవక ఊరు కాదు. కారు కొనాలంటే ముందు పదేళ్ల అనుమతి పత్రం కొనాలి, ఒక్క దానికే లక్ష డాలర్లకు అటూ ఇటూగా అవుతుంది. సెంటు భూమి దొరకడం గగనం. అలాంటి చోట ఆఫీసు బాబూ, టాక్సీ డ్రైవరూ, ఇంటర్ చదివే పిల్లలూ ఒకే బల్ల చుట్టూ కూర్చుని నాలుగైదు డాలర్లతో కడుపు నింపుకుని లేస్తున్నారు. "ఆసియా కదా, వీధి తిండి చవకే ఉంటుంది" అని పర్యాటకులు తేలిగ్గా అనేస్తారు. ఆ ధర తనంతట తాను తగ్గి ఉన్నది కాదు. యాభై ఏళ్లుగా పట్టుబట్టి తగ్గించి ఉంచినది. ఆ పట్టు బరువు ఎక్కువగా ఎవరి మీద పడుతోందన్నదే అసలు ప్రశ్న.

కావడి నుంచి కప్పు కిందికి

పందొమ్మిదో శతాబ్దపు సింగపూర్ చాలావరకు వలస వచ్చిన మగవాళ్ల ఊరు. ఓడరేవులో మూటలు మోసేవాళ్లు, రిక్షా లాగేవాళ్లు. ఇంట్లో వండిపెట్టే దిక్కు లేనివాళ్లు. పూటకూళ్ల ఇంటి పాత్రను అక్కడ కావడి మోసే మనిషి పోషించాడు. ఒక పక్క పొయ్యి, ఇంకో పక్క గిన్నెలు, నోట కేక. హొక్కియన్, టియోచ్యూ, హైనాన్ చైనీయులు, మలయ్‌లు, జావా వాళ్లు, తమిళ ముస్లింలు, ఎవరి తిండి వారు తెచ్చి వీధిలో పెట్టారు. వలస ప్రభుత్వానికి వాళ్లొక తలనొప్పి. 1950లో హాకర్ల మీద విచారణ సంఘాన్ని కూడా వేసింది. ఫిర్యాదులన్నీ అబద్ధమూ కావు. కుళాయి లేని చోట ఒకే బకెట్టు నీళ్లలో గిన్నెలన్నీ ముంచి తీసేవారు, ఎంగిలి కాలవలోకి పోయేది. టైఫాయిడ్, కలరా భయం నిజమైనదే.

స్వాతంత్ర్యం వచ్చాక 1968-69లో దేశమంతటా హాకర్ల నమోదు జరిగింది. సుమారు 18,000 మంది వీధి హాకర్ల పేర్లు పుస్తకంలోకి ఎక్కాయి. తర్వాత 1971 నుంచి 1986 దాకా ప్రభుత్వం హాకర్ సెంటర్లు కట్టుకుంటూ పోయి, వీధిలో ఉన్నవాళ్లను వాటిలోకి చేర్చింది. పైన కప్పు, పక్కన గోడల్లేని హాలు, మధ్యలో బల్లలు, చుట్టూ వరసగా స్టాళ్లు. ప్రతి స్టాల్‌కీ కుళాయి, కాలవ, కరెంటు. పదేళ్లలో సింగపూర్ నది శుభ్రం కావాలని 1977లో ప్రధాని లీ క్వాన్ యూ పెట్టిన గడువు కూడా ఈ తరలింపును వేగం చేసింది. నది పరీవాహక ప్రాంతం నుంచి సుమారు ఐదు వేల మంది వీధి హాకర్లు కదిలారు.

దీన్ని ముచ్చటైన కథగా చెప్పుకోవడం ఇప్పుడు అలవాటు. అప్పట్లో అది బలవంతపు తరలింపే. దాడులున్నాయి, జప్తులున్నాయి. చెట్టు కింద దశాబ్దాలుగా పాతుకుపోయిన గిరాకీని వదిలి సిమెంటు షెడ్డులోకి రమ్మంటే ఎవరికి మాత్రం ఇష్టం? కానీ ఒక్క విషయంలో ఆ ప్రభుత్వం చాలా నగరాల కంటే తెలివిగా నడుచుకుంది. మనిషిని తరిమి వ్యాపారాన్ని చంపేయలేదు, మనిషినీ వ్యాపారాన్నీ కలిపి మోసుకెళ్లి ఇంకోచోట దించింది. వీధి నుంచి వచ్చినవాళ్లకు సబ్సిడీ అద్దె పెట్టింది. ఆ తరంలో మిగిలినవాళ్లు ఇవాళ్టికీ నెలకు సుమారు మూడు వందల డాలర్ల లోపే కడుతున్నారు. పైగా చాలా సెంటర్లను ప్రభుత్వ గృహ సముదాయాల మధ్యలోనే కట్టింది. ఆ దేశంలో నూటికి దాదాపు ఎనభై మంది హెచ్‌డీబీ (ప్రభుత్వ గృహ నిర్మాణ సంస్థ) ఫ్లాట్లలోనే ఉంటారు. అంటే గిరాకీ లిఫ్టు దిగితే చాలు.

1986 తర్వాత పాతికేళ్లు కొత్త సెంటర్ల నిర్మాణం ఆగిపోయింది. ఆ ఖాళీలోకి మాల్స్‌లోని ఏసీ ఫుడ్ కోర్టులు వచ్చి కూర్చున్నాయి. చూడ్డానికి హాకర్ సెంటర్ లాగే ఉంటాయి, పళ్లెం మాత్రం రెండు మూడు డాలర్లు ఎక్కువ. 2011లో పది కొత్త సెంటర్లు, 2015లో మరో పది కడతామని ప్రభుత్వం ప్రకటించే నాటికి, కట్టడం ఆపడం వల్ల ఏం పోయిందో అందరికీ అర్థమైంది. ఇప్పుడు ఊరంతా కలిపి 120 దాకా ఉన్నాయి. 2020 డిసెంబరులో యునెస్కో ఈ హాకర్ సంస్కృతిని మానవాళి అమూర్త వారసత్వ జాబితాలో చేర్చింది.

బిల్లు అడుగున రెండు ప్లస్ గుర్తులు

సింగపూర్ రెస్టారెంటు మెనూలో ధర పక్కన రెండు ప్లస్ గుర్తులు కనిపిస్తాయి. మొదటిది పది శాతం సర్వీసు చార్జీ. రెండోది వస్తు సేవల పన్ను, 2024 జనవరి నుంచి తొమ్మిది శాతం. పన్ను సర్వీసు చార్జీ మీద కూడా పడుతుంది. ఇరవై డాలర్ల వంటకం 22 అయి, దాని మీద తొమ్మిది శాతం కలిసి 23 డాలర్ల 98 సెంట్లకు తేలుతుంది. అంటే మెనూ మీద చూసిన ధరకు ఐదో వంతు అదనం. మంచినీళ్ల గ్లాసుకీ, ముందుగా తెచ్చిపెట్టిన వేరుశనగలకీ, తడి తువ్వాలుకీ బిల్లు వేసే చోట్లు వేరే ఉన్నాయి.

హాకర్ స్టాల్‌లో బోర్డు మీద ఎంత ఉంటే అంతే. సర్వీసు లేదు కనుక దానికి చార్జీ లేదు. ఏడాదికి పది లక్షల డాలర్ల వ్యాపారం దాటితేనే జీఎస్టీ నమోదు తప్పనిసరి, మామూలు స్టాల్ అంత దూరం పోదు. అందుకే రెండిటి మధ్య పోలిక ఐదుకీ ఇరవైకీ కాదు, ఐదుకీ ఇరవై నాలుగుకీ.

ఇంత తక్కువకు ఎలా గిట్టుబాటవుతోందో తెలియాలంటే చికెన్ రైస్ స్టాల్ ముందు రెండు నిమిషాలు నిలబడి చూడాలి. అద్దం వెనక ఉడికిన కోళ్లు మెడలతో కొక్కేలకు వేలాడుతుంటాయి. లోపలి మనిషి ఒక కోడిని దించి, మందపాటి చెట్టు మొద్దు మీద పెట్టి, కత్తితో నాలుగైదు దెబ్బలు వేస్తాడు. కత్తి వెడల్పు భాగంతోనే ముక్కలను ఎత్తి కీరా ముక్కల మీదికి జారుస్తాడు. పక్కన కోడి కొవ్వులో వేయించి కోడి నీళ్లలో ఉడికించిన అన్నం, చిన్న గిన్నెతో బోర్లించిన గుమ్మటం. మిరప అల్లం పచ్చడి, నల్లటి సోయా, ఒక గిన్నెడు చారు. అర నిమిషంలో పళ్లెం కిటికీ బయటికి వచ్చేస్తుంది. స్టాల్ వెడల్పు పది అడుగులుంటే గొప్ప. వంటకం ఒకటే, మహా అయితే దాని రెండు రూపాలు. ఫ్రిజ్‌లో ఇరవై రకాల సరుకు నిలవ ఉండదు, పాడయ్యేదీ ఉండదు. మధ్యాహ్నం రెండింటికి కోళ్లు అయిపోతే షట్టరు దించేస్తారు.

కుర్చీలూ బల్లలూ సెంటర్‌వి. తుడిచేవాళ్లు కాంట్రాక్టు మనుషులు, వాళ్ల ఖర్చు స్టాళ్లన్నీ పంచుకుంటాయి. గిన్నెలు తిరిగి తెచ్చిపెట్టే పని తినేవాళ్లదే. 2021 సెప్టెంబరు 1 నుంచి అది చట్టం కూడా. ఎంగిలి ట్రే బల్ల మీద వదిలి లేస్తే మొదటిసారి హెచ్చరిక, రెండోసారి దొరికితే 300 డాలర్ల జరిమానా. ఐదు డాలర్ల భోజనానికి అరవై రెట్లు. మొదట్లో కొంతమంది పెద్దవాళ్లు "మేం తీసేస్తే తుడిచే ఆంటీల ఉద్యోగం పోతుంది కదా" అని గొణిగారు. ఆ మాటలో దయ ఎంతో, బద్ధకం ఎంతో చెప్పడం కష్టం.

స్టాల్ ఖర్చుల్లో సగానికి పైగా సరుకులకే పోతుంది. అద్దె వాటా పదో వంతు ప్రాంతంలో ఉంటుంది. రెస్టారెంటు యజమానికి ఈ మాట చెబితే నిట్టూరుస్తాడు. ప్రైవేటు చేతుల్లో ఉన్న చోట పరిస్థితి వేరు. 2022లో టాంపినీస్‌లో ఒక కోపిటియామ్, అంటే ఫ్లాట్ల కింద ఉండే కాఫీ కొట్టు, 4 కోట్ల 16 లక్షల డాలర్లకు పైగా పలికింది. అంత పెట్టి కొన్నవాళ్లు ఆ డబ్బును లోపలి స్టాళ్ల అద్దెల్లోంచే కదా రాబట్టుకోవాలి! నూడుల్స్ గిన్నె ధర పెరిగినప్పుడు జనం వండేవాణ్ణి తిట్టుకుంటారు, పైన ఉన్న స్థల యజమాని ఎవరికీ కనపడడు.

ప్రభుత్వ సెంటర్లలో ఈ మధ్యవర్తుల బెడదకే 2012లో రెండు పనులు చేశారు. టెండరుకు కనీస ధర తీసేశారు, కొత్తగా తీసుకున్న స్టాల్‌ను ఇంకొకరికి అద్దెకిచ్చుకోవడం నిషేధించారు. ఒక్క డాలరు టెండర్లు అలా పుట్టినవే. మరి 10,158 సంగతి? ఆ ధర మొదటి మూడేళ్లకే, తర్వాత సెంటర్లను చూసే ప్రభుత్వ సంస్థ లెక్కగట్టిన మార్కెట్ అద్దెకు మారుతుంది. కొందరు ఆ మూడేళ్లూ పంటి బిగువున నెట్టుకొద్దామనుకుంటారు. మంచి చోటు మీద మోజు అంతటిది.

వంటగదులు వేరు, బల్ల ఒకటే

2020 జనాభా లెక్కల ప్రకారం అక్కడి స్థిరనివాసుల్లో చైనీయులు 74 శాతం, మలయ్‌లు 13.5 శాతం, భారతీయులు 9 శాతం. మతాలు ఇంకా ఎక్కువ. నలుగురు సహోద్యోగులు భోజనానికి బయల్దేరారనుకుంటే, ఒకరు హలాల్ తప్ప తినరు, ఒకరు గొడ్డుమాంసం ముట్టరు, ఒకరు అసలు మాంసమే ముట్టరు, నాలుగో ఆయనకు పంది మాంసం నూడుల్స్ లేకపోతే తిన్నట్టుండదు. ఏ రెస్టారెంటుకి పోయినా ఒకే వంటగది. ఎవరో ఒకరు సర్దుకోవాలి, లేదా నలుగురూ కలిసి ఎవరికీ నచ్చని చోట కూర్చోవాలి.

హాకర్ సెంటర్ ఈ చిక్కును తేలిగ్గా విప్పేసింది. ఎవరి ట్రే వాళ్లు ఎవరికి కావలసిన స్టాల్ నుంచి తెచ్చుకుని ఒకే బల్ల దగ్గర కూర్చుంటారు. ఎంగిలి గిన్నెలు పెట్టే చోట కూడా రెండు అరలుంటాయి, హలాల్ గిన్నెలకు ఒకటి, మిగతావాటికి ఒకటి. పొరపాటు పడకుండా ట్రేల రంగులు వేరు. పొత్తు భోజనం అంటే ఒకే కుండలో తినడం అనే భావన మనకుంది. ఇక్కడ కుండ ఎవరిది వారిదే, పొత్తు కూర్చోవడంలో ఉంది. జాతుల మధ్య సామరస్యం గురించి ప్రభుత్వ ప్రకటనలు ఎంత గంభీరంగా చెప్పినా, రోజూ పనిచేసేది గిన్నెల కోసం పెట్టిన ఆ రెండు అరలే. 1989లో తెచ్చిన గృహ కేటాయింపు విధానం ప్రకారం ప్రతి ఫ్లాట్ల సముదాయంలోనూ ఏ జాతివారు ఎంతమంది ఉండవచ్చో పరిమితి ఉంది. అందువల్ల కింద ఉన్న సెంటర్‌లోనూ ఏ ఒక్కరి స్టాళ్లో మాత్రమే ఉంటే నడవదు.

అలా పక్కపక్కన కూర్చున్న వంటలు ఒకదాన్నొకటి చూడకుండా ఉండలేదు. 'మీ గోరెంగ్' అనే వేపుడు నూడుల్స్ సంగతే చూస్తే, నూడుల్స్ చైనీయులవి, పేరు మలయ్‌ది, ఎర్రగా కారంగా వేయించేది తమిళ ముస్లిం వంటవాడు. చేప తలకాయ కూర పుట్టుకకు 1949 ప్రాంతంలో ఎం.జె. గోమెజ్ అనే మలయాళీ హోటలు యజమాని పేరు చెబుతారు. తలకాయను ఇష్టంగా తినే చైనీయుల కోసం కేరళ పులుసులో దాన్ని వేశాడు. ఇప్పుడది ఎవరి వంటో తేల్చడం ఎవరి వల్లా కాదు. లిటిల్ ఇండియాలోని టెక్కా సెంటర్ పేరే తీసుకుంటే, హొక్కియన్‌లో 'చిన్న వెదురు పొదల పాదం' అని అర్థం. 1982లో ఇప్పటి భవనం తెరిచినప్పుడు మాండరిన్‌లో జుజియావ్ అని పేరు పెట్టారు, జనం నోట తిరగలేదు. 2000లో మళ్లీ టెక్కా అయింది. చైనా పేరున్న ఆ కప్పు కింద దమ్ బిర్యానీ స్టాళ్ల ముందు వరసలు కడతారు.

భాష కూడా అంతే కలగలుపు. కాఫీ స్టాల్ దగ్గర "కోపి ఓ కొసోంగ్ పెంగ్" అని ఒకే ఊపిరిలో అంటారు. కోపి మలయ్ మాట. ఓ అంటే హొక్కియన్‌లో నలుపు, పాలు లేనిది. కొసోంగ్ మలయ్‌లో ఖాళీ, అంటే చక్కెర లేకుండా. పెంగ్ మళ్లీ హొక్కియన్, ఐసు. ఉత్త కోపి అంటే తీపి గట్టిపాలు వేసిందే వస్తుంది, మన నాలుకకు కూడా అది కాస్త ఎక్కువ తీపి. చిక్కని తీపిలేని పాలతో కావాలంటే కోపి సి. తీపి తగ్గించాలంటే చివర సియూ డాయ్, డికాక్షన్ చిక్కగా కావాలంటే గావ్. టీకి ఇదే వ్యాకరణం, కోపి తీసి తే పెడితే చాలు. అల్లం టీ అయితే తే హలియా. పిలుపులు కూడా స్టాల్‌ను బట్టి మారతాయి. చైనా స్టాల్‌లో అంకుల్, ఆంటీ. మలయ్ స్టాల్‌లో పక్‌చిక్, మక్‌చిక్.

శాకాహారులకు మాత్రం ఈ వైవిధ్యం ఒక ఉచ్చు. బోర్డు మీద కూరగాయల బొమ్మ ఉన్నంత మాత్రాన నమ్మకూడదు. తోటకూర లాంటి ఆకుకూరను వేయించే సంబల్ కారంలో రొయ్యల ముద్ద ఉంటుంది, లక్సా పులుసులో ఎండురొయ్యలుంటాయి, పచ్చగా మెరిసే ఆకుకూర మీద ఆల్చిప్పలతో చేసే ఆయిస్టర్ సాసు ఉంటుంది. 'నో పోర్క్ నో లార్డ్' (పంది మాంసం, పంది కొవ్వు లేవు) అని రాసి ఉన్నది హలాల్ ధృవీకరణ కాదు, శాకాహారం అసలే కాదు. వెతకవలసింది బౌద్ధుల శాకాహార స్టాల్. అక్కడ ఉల్లి, వెల్లుల్లి కూడా వేయరు, ఏకాదశి వంట లాగే. చైనా చాంద్రమానంలో ఒకటో తేదీ, పదిహేనో తేదీల్లో వాటి ముందు వరస రెట్టింపవుతుంది. సోయాతో చేసిన ఉత్తుత్తి కోడి, ఉత్తుత్తి చేప కూడా పెడతారు. మాంసం మానినవాళ్లకు మాంసం ఆకారం ఎందుకో అంతుపట్టదు గానీ, రుచికి వంక పెట్టలేం. ఇక ప్రాటా (మన పరోటా లాంటిది) స్టాల్‌లో అడగకపోతే చేప పులుసో కోడి పులుసో పోసేస్తారు. పప్పు కావాలని ముందే చెప్పాలి.

చవక ఎక్కడ జారిపోతుంది

హాకర్ సెంటర్‌లో కూడా జేబుకు చిల్లు పడే చోట్లున్నాయి. ఒకటి, ఎకానమీ రైస్. మన కర్రీ పాయింట్ లాగా గాజు వెనక ఇరవై కూరలుంటాయి, వేలితో చూపిస్తే అన్నం మీద వేస్తారు. ధర బోర్డు మీద 'రెండు కూరగాయలు, ఒక మాంసం' అని ఉంటుంది. చేప ముక్కా, రొయ్యా ఆ లెక్కలోకి రావు. ఆంటీ పళ్లెం వంక ఒక్క చూపు చూసి అంకె చెబుతుంది, ఆ చూపులోని గణితం ఎవరికీ తెలియదు. కూరగాయలు, తోఫు, గుడ్డుతో ఆగితే అంతకంటే గిట్టుబాటు భోజనం ఊళ్లో లేదు.

రెండోది సముద్రపు తిండి. పీతలు, రొయ్యలు వంద గ్రాముల చొప్పున ధర రాస్తారు. 2009లో న్యూటన్ ఫుడ్ సెంటర్‌లో కొందరు అమెరికా పర్యాటకులకు ఎనిమిది టైగర్ రొయ్యలకు 239 డాలర్లు వేశారు. పేపర్లకెక్కింది, ఆ స్టాల్‌ను కొంతకాలం మూయించారు. బల్ల దగ్గరికే వచ్చి మెనూ చేతిలో పెట్టేవాళ్లు కనిపిస్తే, ఎంత బరువు, మొత్తం ఎంత అని వండకముందే అడగడంలో తప్పు లేదు. లావ్ పా సాట్ సంగతి కాస్త వేరు. పేరుకు 'పాత బజారు', 1894 నాటి ఇనుప స్తంభాల ఎనిమిది కోణాల భవనం, 1973లో జాతీయ స్మారకమైంది. నిర్వహణ ప్రైవేటు. సాయంత్రం పక్క వీధి మూసి సాతే (పుల్లలకు గుచ్చి కాల్చే మాంసం) పొయ్యిలు పెడతారు. చూడదగ్గదే, కానీ చవక కోసం వెళ్లే చోటు కాదది.

వరస పొడుగును బట్టి రుచి అంచనా వేయడం పాత సూత్రం. ఇప్పుడు ఆ వరసలో సగం మంది ఫోటో కోసం వచ్చినవాళ్లు. మెడలో ఆఫీసు కార్డు వేసుకున్నవాళ్లూ, పక్క ఫ్లాట్ల నుంచి గిన్నె తెచ్చుకున్న ముసలమ్మలూ నిలబడ్డ వరసకే విలువ. ఖాళీ కుర్చీ మీద టిష్యూ ప్యాకెట్టు కనిపిస్తే అది ఎవరో మరిచిపోయింది కాదు. 'చోప్' చేశారన్నమాట, అంటే మన రుమాలు వేసిన బస్సు సీటే.

కత్తి పట్టిన చేతి వయసు

2016లో సింగపూర్‌కు మంచి తిండి చోట్లకు నక్షత్రాలిచ్చే మిషెలిన్ గైడ్ మొదటిసారి వచ్చినప్పుడు రెండు హాకర్ స్టాళ్లకు నక్షత్రం దక్కింది. అందులో ఒకటి, రెండు వందలకు పైగా తిండి స్టాళ్లున్న చైనాటౌన్ కాంప్లెక్స్‌లో చాన్ హాన్ మెంగ్ నడిపే సోయా చికెన్ స్టాల్. అప్పట్లో అక్కడ పళ్లెం రెండు డాలర్లు. ప్రపంచంలోకెల్లా చవకైన మిషెలిన్ భోజనం అని పత్రికలన్నీ రాశాయి. వ్యాపారం ఏసీ దుకాణాలుగా, విదేశాల్లో శాఖలుగా పెరిగింది, 2021లో నక్షత్రం పోయింది. నక్షత్రం వచ్చి పోవడం కంటే ఆ రెండు డాలర్ల దగ్గర ఆగాలి. ఒక మనిషి దశాబ్దాల చేతివాటం ఆ ధరలో ఎక్కడా కనపడదు.

హాకర్ల మధ్యస్థ వయసు అరవై చుట్టుపక్కల ఉంది. పొద్దున నాలుగింటికి లేచి ఎముకల నీళ్లు మరిగించడం, తడి నేల మీద పది పన్నెండు గంటలు నిలబడడం, పొయ్యి సెగ, పండగ పూట ఇంకా ఎక్కువ పని. చాలా స్టాళ్లలో పనిచేసేది భార్యాభర్తలే. ఇద్దరి జీతం ఖాతా పుస్తకంలో రాసుకోరు. ఖర్చుల్లో కూలి వాటా తక్కువగా కనిపించడానికి అసలు కారణం అదే. కూలి లేక కాదు, లెక్కలోకి రాక. బయటినుంచి సాయం పెట్టుకుందామంటే, పౌరులూ శాశ్వత నివాసులూ తప్ప ఎవరినీ పనిలో పెట్టుకోకూడదన్న నిబంధన ఏళ్ల తరబడి ఉంది. 2025 జనవరి నుంచి దీర్ఘకాల సందర్శక పాసు ఉన్నవాళ్లను, అంటే ఎక్కువగా పౌరుల విదేశీ జీవిత భాగస్వాములను, పెట్టుకోనిస్తున్నారు.

పిల్లలు చదువుకుని ఆఫీసుల్లో కుదిరారు. కుదరాలనే కదా ఆ పళ్లాలన్నీ అమ్మింది! కొత్తవాళ్లను తయారుచేయడానికి 2018లో తక్కువ అద్దెతో కొన్నాళ్లు స్టాల్ నడిపి చూసుకునే పథకం, 2020లో శిక్షణ పథకం వచ్చాయి. వస్తున్నవాళ్లు వస్తున్నారు, నిలబడేవాళ్లు తక్కువ. అదే 2018లో, నిర్వహణను సామాజిక సంస్థలకు అప్పగించిన కొత్త సెంటర్లలో ట్రేలు తీసినందుకో రుసుము, ఇన్ని గంటలు తెరవాలన్న షరతు అంటూ అదనపు బరువులు వేస్తున్నారని పెద్ద రగడ అయింది. తర్వాత నిబంధనలు సడలించారు. సెంటర్ కట్టడం ఒక ఎత్తు, నడిపేవాడికి మిగలడం ఇంకో ఎత్తు అని ఆ రగడ తేల్చింది.

ఇక తినేవాళ్ల వైపు. జపాన్ రామెన్‌కు పాతిక డాలర్లు కిక్కురుమనకుండా కట్టే మనిషే, చార్ క్వే తియావ్ యాభై సెంట్లు పెరిగితే ఫేస్‌బుక్‌లో వాపోతాడు. రెండూ నూడుల్సే. రెండోదానికి బొగ్గుల మంట లాంటి సెగ మీద మూకుడు తిప్పే భుజం కావాలి. హాకర్ తిండి చవకగానే ఉండాలన్నది అక్కడ ఒక హక్కులా స్థిరపడిపోయింది. ఆ హక్కుకు పూచీ పడ్డది ప్రభుత్వం, ఖర్చులో పెద్ద వాటా భరిస్తున్నది మాత్రం అరవై దాటిన ఆ భుజం.

సబ్సిడీ అద్దె కడుతున్న ఒక ముసలాయన షట్టరు మీద "ఆరోగ్యం బాగాలేక విరమిస్తున్నాం, ఇన్నాళ్ల ఆదరణకు కృతజ్ఞతలు" అని చైనీస్‌లోనూ ఇంగ్లీషులోనూ రాసి కాగితం అంటించాడనుకుందాం. అలాంటి కాగితాలు అక్కడ కొత్త కాదు. ఇంట్లో ఎవరూ అందుకోకపోతే ఆ స్టాల్ టెండరుకు వస్తుంది. కొత్తగా వచ్చే మనిషికి ఆ మూడు వందల అద్దె వర్తించదు, పన్నెండు వందల నుంచో అంతకు పైనుంచో మొదలుపెట్టాలి. నెలకు తొమ్మిది వందల డాలర్ల తేడా, రోజుకు డెబ్బై పళ్లాలు అమ్మితే పళ్లానికి యాభై సెంట్లు. బోర్డు మీద పాత అంకె మీద తెల్ల స్టిక్కరు అంటించి కొత్త అంకె రాస్తారు, పక్క స్టాళ్లు కొన్నాళ్లు చూసి అవీ రాస్తాయి.